దిద్దుకున్న పేరు

బిడ్డకు మంచి పేరు పెట్టడం తల్లిదండ్రుల బాధ్యతలలో ఒకటని ఇస్లాం బోధిస్తుంది. అందువల్లనే మన ఇళ్లలో పసికందు చెవిలో అజాన్ పలికిన క్షణం నుంచి అఖీఖా జరిగే రోజు వరకు పేరును గురించిన ఆలోచన సాగుతూనే ఉంటుంది. దాని అర్థమేమిటి, అరబీలో దానిని ఎలా పలకాలి, పూర్వం ఏ మహనీయులకు ఆ పేరు ఉండేది అని పెద్దలను అడిగి తెలుసుకుంటాం. అంత శ్రద్ధగా పెట్టిన పేరే తరువాత బడి రిజిస్టరులో ఒక విధంగా, ఆధార్ కార్డులో మరొక విధంగా, పాస్‌పోర్టులో ఇంకొక విధంగా నమోదవుతుంది. ఒక అక్షరం పోయినంత మాత్రాన మనిషి మారిపోతాడా అని సరిపెట్టుకుంటాం.

ఈ నెల మేము పరిచయం చేయదలచిన వ్యక్తి అలా సరిపెట్టుకోలేదు. 1991 మార్చిలో, అప్పటికే అమెరికా అంతటా ప్రఖ్యాతి గడించిన ఒక బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు పత్రికలవారికి ఒక విషయం తెలియజేశారు. ఇంతకాలం తన పేరును అకీం అని రాస్తున్నారని, అసలు పేరు హకీం అని, ఇకపై అలాగే రాయాలని కోరారు. తాను పేరు మార్చుకోవడం లేదని, ఉన్న పేరును సరిదిద్దుకుంటున్నానని స్పష్టం చేశారు. ఆయనే హకీం ఒలాజువాన్.

హకీం అనే మాటకు వివేకవంతుడని అర్థం. మనం యునానీ వైద్యుని హకీం సాబ్ అని పిలిచేదీ ఆ మాటతోనే. ఒలాజువాన్ పేరులో పోయినది ఒక్క అక్షరమే. అయితే ఆ అక్షరంతో పాటు ఆయన తిరిగి తెచ్చుకున్నవి మరికొన్ని ఉన్నాయి. నమాజు, ఉపవాసం, కోపంపై అదుపు, సంపాదన విషయంలో ధర్మాధర్మ విచక్షణ వాటిలో ముఖ్యమైనవి. అవి తిరిగి వచ్చిన తరువాతనే ఆయన జీవితంలోని గొప్ప విజయాలన్నీ వచ్చాయి. ఆటకూ ధర్మనిష్ఠకూ పొసగదని భావించే తల్లిదండ్రులు, ఆ రెండింటిలో ఒకదానిని వదులుకోక తప్పదని దిగులు చెందే పిల్లలు తప్పక తెలుసుకోవలసిన జీవితం ఇది.

లాగోస్ నుంచి హ్యూస్టన్‌కు

హకీం 1963 జనవరి 21న నైజీరియాలోని లాగోస్ నగరంలో జన్మించారు. వారిది యొరుబా జాతికి చెందిన ముస్లిం కుటుంబం. తండ్రి సలీం, తల్లి అబికె సిమెంటు వ్యాపారం చేసేవారు. నిజాయితీగా ఉండటం, కష్టపడి పనిచేయడం, పెద్దలను గౌరవించడం తాను తల్లిదండ్రుల వద్దనే నేర్చుకున్నానని హకీం తరువాతి కాలంలో పలుమార్లు చెప్పుకున్నారు.

ఆశ్చర్యకరమైన విషయమేమిటంటే, పదిహేనేళ్ల వయసు వచ్చే వరకు ఆయన బాస్కెట్‌బాల్ ఆడనేలేదు. లాగోస్‌లోని ముస్లిం టీచర్స్ కాలేజీలో చదువుకునే రోజులలో ఆయన ఆడినవి ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్. బంతి ఎటు వస్తుందో కనిపెట్టి రెప్పపాటులో అడుగు మార్చడం, చేయి అందించడం గోల్‌కీపర్‌కు ప్రాణం. ఆ విద్య ఆ నాడు ఆయనకు కాలక్షేపం మాత్రమే. అదే తరువాత తన వృత్తికి పునాది అవుతుందని ఆయన ఎరుగరు. ఇష్టంగా, శ్రద్ధగా నేర్చిన ఏ విద్యా వృథా పోదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

1980లో ఆయన హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో చేరడానికి అమెరికా వెళ్లారు. విమానాశ్రయంలో ఆయన కోసం ఎవరూ ఎదురుచూడలేదు. ఫోను చేస్తే టాక్సీ ఎక్కి రమ్మన్నారు. అలా ఒంటరిగా ఆ నగరంలో అడుగుపెట్టిన యువకుడు మొదటి ఏడాది మ్యాచ్‌లు ఆడే అవకాశం లేక సాధనతోనే గడిపారు. మెలకువలు నేర్పినవారిలో ముఖ్యుడు అప్పటికే వృత్తి క్రీడాకారుడిగా అగ్రస్థానంలో ఉన్న మోజెస్ మలోన్. వేసవి రోజులలో హ్యూస్టన్‌లోని ఒక క్రీడాకేంద్రంలో మలోన్ ఈ కొత్త కుర్రవాడిని ఎదురుగా నిలబెట్టుకుని ఆడేవాడు. అనుభవజ్ఞుని చేతిలో పదేపదే ఓడిపోవడమే ఆ యువకునికి పాఠశాల అయింది.

ఆ తరువాత హ్యూస్టన్ విశ్వవిద్యాలయం జట్టు 1982, 1983, 1984లలో వరుసగా మూడుసార్లు జాతీయ కళాశాలల పోటీలలో చివరి నాలుగు జట్లలో నిలిచింది. కాని టైటిల్ ఒక్కసారీ దక్కలేదు. 1983 ఫైనల్‌లో నార్త్ కరోలినా స్టేట్ జట్టు చివరి క్షణంలో వేసిన బుట్టతో 54-52 తేడాతో గెలిచింది. ఓడిన జట్టులో ఉన్నప్పటికీ ఆ పోటీలలో అత్యుత్తమ ఆటగాడి గౌరవం హకీంకే లభించింది. మరుసటి ఏడాది ఫైనల్‌లో పాట్రిక్ యూయింగ్ అనే ఆటగాడు ఉన్న జార్జ్‌టౌన్ జట్టు చేతిలో ఓటమి ఎదురైంది. ఈ యూయింగ్ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆయన ఈ కథలో మళ్లీ వస్తారు.

1984లో అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ సంఘమైన ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నాయి. మొట్టమొదట పిలిచిన పేరు హకీందే. ఎంచుకున్నది హ్యూస్టన్ రాకెట్స్ జట్టు. తరువాతి కాలంలో ప్రపంచమంతా ఎరిగిన మైఖేల్ జోర్డాన్ ఆనాడు మూడవ స్థానంలో ఎంపికయ్యారు.

కోపం అనే ప్రత్యర్థి

ఇరవై ఒక్క సంవత్సరాల వయసు, ఏడడుగులకు కాస్త తక్కువైన ఎత్తు, చేతినిండా డబ్బు, పరాయి దేశం. ఇటువంటి పరిస్థితిలో ఎటువంటి మనిషికైనా కాలు జారే ప్రమాదం ఉంటుంది. హకీం ఆటలో వెంటనే రాణించారు. 1986లో ఆయన జట్టు ఫైనల్స్‌కు చేరి బోస్టన్ సెల్టిక్స్ చేతిలో 4-2 తేడాతో ఓడింది. కాని ఆ రోజులలో ఆయనకు మరొక పేరు కూడా ఉండేది. కోపిష్టి. రిఫరీలతో వాదనలు, ప్రత్యర్థులతో ఘర్షణలు. 1986లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టుతో జరిగిన కీలకమైన మ్యాచ్‌లో మిచ్ కప్‌చాక్ అనే ఆటగాడితో బాహాబాహీకి దిగడంతో ఇద్దరినీ మైదానం నుంచి పంపివేశారు. జట్టుకు అత్యవసరమైన నిమిషాలలో అతి బలవంతుడైన ఆటగాడు బయట ఉండిపోయాడు. అదృష్టవశాత్తు సహచరుడు చివరి క్షణంలో బుట్ట వేసి ఆ మ్యాచ్‌ను గెలిపించాడు.

ఆ తరువాత వరుసగా నిరాశాజనకమైన సంవత్సరాలు. మంచి జోడీగా ఉన్న సహచరుడు రాల్ఫ్ శాంప్సన్ మరో జట్టుకు వెళ్లిపోయాడు. హకీం ఒక్కరే ఎంత ఆడినా జట్టు తొలి అంచెలోనే వెనుదిరిగేది. 1992 నాటికి యాజమాన్యంతో తీవ్రమైన విభేదాలు వచ్చి, తనను వేరే జట్టుకు పంపివేయమని కోరేంత వరకు పోయింది.

ఈ కాలంలోనే ఆయన జీవితంలో నిశ్శబ్దమైన మార్పు ఒకటి జరుగుతూ వచ్చింది. అమెరికాకు వచ్చిన తొలి సంవత్సరాలలో ధర్మాచరణ సడలిపోయింది. ఇస్లాంను నిరాకరించింది లేదు, అనుసరించింది కూడా అంతంత మాత్రమే. చుట్టూ అటువంటి వాతావరణం లేదు, గుర్తుచేసే తల్లిదండ్రులు దగ్గర లేరు. 1980ల ద్వితీయార్ధంలో హ్యూస్టన్‌లోనే మస్జిద్‌తో అనుబంధం ఏర్పడిన తరువాత ఆయన నమాజుకు, ఖుర్ఆన్ పఠనానికి మళ్లీ అలవాటు పడ్డారు. ఇంట్లో, మస్జిద్‌లో, విమాన ప్రయాణాలలో, మ్యాచ్‌కు ముందూ తరువాతా ఖుర్ఆన్ చదువుకునే ఆటగాడిగా ఆయన క్రమంగా పత్రికలవారికి పరిచితులయ్యారు.

ఆయన కంటే ముందు తరంలో మరో మహా క్రీడాకారుడు ఇస్లాం స్వీకరించి 1971లో కరీం అబ్దుల్ జబ్బార్ అనే కొత్త పేరు ధరించారు. హకీం విషయం వేరు. ఆయన ముస్లింగానే పుట్టారు. కొత్త పేరు అవసరం లేదు, ఉన్న పేరును సరిగా పలికితే చాలు. వారసత్వంగా వచ్చిన విశ్వాసాన్ని తెలిసి, ఎంచుకుని, రెండవసారి స్వీకరించడమే ఆయన చేసినది. పుట్టుకతో ముస్లింలమైన మనలో చాలామందికి ఈ రెండవ అడుగు ఇంకా మిగిలే ఉంది.

బలవంతుడంటే మల్లయుద్ధంలో గెలిచేవాడు కాదని, కోపాన్ని అణచుకున్నవాడేనని దైవప్రవక్త ముహమ్మద్ (స) చేసిన బోధ మనందరికీ తెలిసినదే. ఆ బోధ ఒక క్రీడాకారుని శరీరంలో ఎలా పనిచేసిందో చూడాలంటే 1992 తరువాతి హకీంను చూడాలి. దెబ్బకు దెబ్బ తీయడం తగ్గింది. కొత్త శిక్షకుడు రూడీ టొమ్‌జానోవిచ్ ఆధ్వర్యంలో, ఇద్దరు ముగ్గురు ప్రత్యర్థులు తనను చుట్టుముట్టినప్పుడు బంతిని ఖాళీగా ఉన్న సహచరునికి అందించడం పెరిగింది. తానొక్కడే గెలిపించాలన్న పట్టుదల, అందరం కలిసి గెలవాలన్న ఓర్పుగా మారింది. యాజమాన్యంతో వివాదం సమసిపోయింది. ఆయన హ్యూస్టన్‌లోనే ఉండిపోయారు.

వేళ్ల కొసతో ఒక టైటిల్

బాస్కెట్‌బాల్‌లో బుట్ట రింగు నేల నుంచి పది అడుగుల ఎత్తున ఉంటుంది. ప్రత్యర్థి దాని వైపు విసిరిన బంతిని దారిలోనే, గాలిలో ఉండగానే తోసివేయడాన్ని బ్లాక్ అంటారు. ఎత్తు ఒక్కటే ఉంటే ఇది సాధ్యం కాదు. ప్రత్యర్థి ఎప్పుడు ఎగురుతాడో ముందే కనిపెట్టాలి. తొందరపడితే దోషం, ఆలస్యమైతే నష్టం. హకీం తన జీవితకాలంలో 3,830 బ్లాక్‌లు చేశారు. ఎన్‌బీఏ చరిత్రలో అంతకు మించినవారు ఇంతవరకు లేరు.

ఇక బంతి తన చేతికి వచ్చినప్పుడు ఆయన చేసే విన్యాసానికి అభిమానులు డ్రీమ్ షేక్ అని పేరు పెట్టారు. బుట్టకు వీపు పెట్టి నిలబడి, ఒక భుజాన్ని కుడివైపు కదిలిస్తారు. ప్రత్యర్థి అటు ఒరుగుతాడు. ఆ లోగానే ఎడమవైపు తిరుగుతారు. ప్రత్యర్థి సర్దుకుని ఇటు వచ్చేసరికి మళ్లీ అటు తిరిగి నెమ్మదిగా బంతిని బుట్టలో వేస్తారు. అంత భారీ శరీరం అంత తేలికగా తిరగడం వెనుక ఉన్నది లాగోస్ మైదానంలో గోల్‌కీపర్‌గా నేర్చిన పాదాల నేర్పే.

1994 ఫైనల్స్‌లో హ్యూస్టన్‌కు ఎదురుపడినది న్యూయార్క్ నిక్స్. ఆ జట్టుకు మూలస్తంభం పాట్రిక్ యూయింగ్. పదేళ్ల క్రితం కళాశాలల ఫైనల్‌లో ఓడించిన అదే వ్యక్తి. ఏడు మ్యాచ్‌ల పోటీలో నిక్స్ 3-2 ఆధిక్యంలో ఉంది. ఆరవ మ్యాచ్ చివరి క్షణాలు. హ్యూస్టన్ 86-84తో ముందుంది. నిక్స్ ఆటగాడు జాన్ స్టార్క్స్ దూరం నుంచి మూడు పాయింట్ల బంతి విసిరాడు. అది బుట్టలో పడితే మ్యాచ్, దానితో పాటే టైటిల్ న్యూయార్క్‌వి. హకీం పరుగున వచ్చి ఎగిరి వేళ్ల కొసలతో ఆ బంతిని తాకారు. బంతి దారి తప్పింది. హ్యూస్టన్ నిలిచింది. ఏడవ మ్యాచ్‌లో 90-84తో గెలిచి, తన చరిత్రలో తొలి టైటిల్ సాధించింది.

ఆ ఏడాది మొత్తం పోటీలలో అత్యంత విలువైన ఆటగాడు, అత్యుత్తమ రక్షణ ఆటగాడు, ఫైనల్స్‌లో అత్యంత విలువైన ఆటగాడు అనే మూడు గౌరవాలూ హకీం ఒక్కరికే దక్కాయి. ఒకే ఏడాదిలో ఈ మూడింటినీ పొందిన ఆటగాడు ఆయన తప్ప మరొకరు లేరు. అమెరికా వెలుపల పుట్టి అత్యంత విలువైన ఆటగాడి గౌరవం అందుకున్నవారిలోనూ ఆయనే తొలివారు.

రమజాన్ మాసంలో

మరుసటి ఏడాది ఫిబ్రవరి మొదటి తేదీ నాటికి రమజాన్ ప్రారంభమైంది. 1995 ఫిబ్రవరి నెల దాదాపు మొత్తం ఉపవాసాల నెలే. ఎన్‌బీఏ పోటీలు ముమ్మరంగా సాగే రోజులు అవి. వారానికి మూడు నాలుగు మ్యాచ్‌లు, మధ్యలో విమాన ప్రయాణాలు. ఒక్కో మ్యాచ్ 48 నిమిషాలు. పరుగు, ఎగరడం, తోపులాట, ధారగా కారే చెమట. మ్యాచ్‌లలో ఎక్కువ భాగం రాత్రి పూట జరిగేవి కనుక అప్పటికి ఇఫ్తార్ సమయం అయ్యేది. కాని కొన్ని మధ్యాహ్నం జరిగేవి. ఆ రోజులలో సహచరులు బెంచీపై కూర్చుని నీళ్లు తాగుతుంటే, ఆయన చుక్క నీరు ముట్టకుండా మళ్లీ కోర్టులోకి వెళ్లేవారు.

ఆ ఫిబ్రవరి నెలకు ఎన్‌బీఏ ప్రకటించిన ఉత్తమ ఆటగాడు హకీం ఒలాజువానే.

ఈ ఒక్క వాక్యాన్ని మన ఇళ్లలో పిల్లలకు చెప్పి ఊరుకోవచ్చు. కాని అంతటితో ఆగితే ఈ కథను తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉందని మా అభిప్రాయం. ఉపవాసం పాటిస్తే ఆటలో గెలుపు ఖాయమని ఎక్కడా వాగ్దానం లేదు. ఉపవాసం విజయానికి వెల కాదు, అల్లాహ్ పట్ల విధేయత. హకీం ఆ నెలలో ఓడిపోయి ఉన్నా ఆయన ఉపవాసం విలువ తగ్గేది కాదు. ఆయన జీవితం నిరూపించినది ఇంతే: నియమం పాటించేవాడు పనిలో వెనుకబడతాడన్న భయం నిజం కాదు. శరీరాన్ని సిద్ధం చేసుకోవడం, సహరీలో తగినంత నీరు తాగడం, రోజంతా శక్తిని పొదుపుగా వాడుకోవడం తెలిసినవానికి దారి ఉంటుంది.

అలాగే మరొక మాట. రోగికీ ప్రయాణికునికీ ఉపవాసాన్ని తరువాతి రోజులకు వాయిదా వేసుకునే సౌలభ్యాన్ని అల్లాహ్ ప్రసాదించాడు. ఆ సౌలభ్యాన్ని వినియోగించుకున్న క్రీడాకారులను నిందించే అధికారం ఎవరికీ లేదు. ఇంకా యుక్తవయసు రాని పిల్లలను హకీం పేరు చెప్పి నిర్బంధించడమూ తగదు. ఆదర్శం దీపం వంటిది. అది దారి చూపడానికే గాని, చేయి కాల్చడానికి కాదు.

ఆ ఏడాది మిగతా కథ కూడా వినదగినదే. ఫిబ్రవరి మధ్యలో హకీం కళాశాల మిత్రుడు క్లైడ్ డ్రెక్స్‌లర్ హ్యూస్టన్ జట్టులోకి వచ్చాడు. అయినా 47 విజయాలు, 35 ఓటములతో హ్యూస్టన్ తమ విభాగంలో ఆరవ స్థానంలోనే నిలిచింది. దానికి టైటిల్ ఆశ ఉందని ఎవరూ అనుకోలేదు. ఫీనిక్స్ జట్టుతో 1-3 తేడాతో వెనుకబడి కూడా మిగిలిన మూడు మ్యాచ్‌లూ గెలిచింది. తరువాత శాన్ ఆంటోనియో. ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికైన డేవిడ్ రాబిన్సన్ ఆ జట్టులోనే ఉన్నాడు. ఆయనకు ఎదురుగా హకీం మ్యాచ్‌కు సగటున 35 పాయింట్లకు పైగా సాధించారు. ఫైనల్స్‌లో యువకుడైన షకీల్ ఓనీల్ ఉన్న ఓర్లాండో జట్టును 4-0తో ఓడించి రెండవ టైటిల్ గెలుచుకున్నారు. ఆరవ స్థానం నుంచి వచ్చి టైటిల్ గెలిచిన జట్టు మరొకటి లేదు.

బూట్ల ధర

విజయం వచ్చినప్పుడు మనిషిని పరీక్షించేది డబ్బు. అమెరికాలో ప్రసిద్ధ ఆటగాళ్ల పేరుతో బూట్లు విక్రయించడం పెద్ద వ్యాపారం. 1990 ప్రాంతంలో ఆ బూట్ల ధర వంద డాలర్లకు పైబడింది. పేదల వాడలలో వాటి కోసం పిల్లలు ఒకరినొకరు దోచుకున్న ఘటనలు, ప్రాణాలు సైతం తీసుకున్న ఘటనలు పత్రికలకు ఎక్కాయి.

హకీం స్పాల్డింగ్ అనే సంస్థతో ఒప్పందం చేసుకుని తన పేరుతో సుమారు 35 డాలర్ల ధరకే బూట్లు తెచ్చారు. అవి మామూలు దుకాణాలలో దొరికేవి. ముగ్గురు పిల్లలను పెంచుతున్న పేద తల్లి అంత ఖరీదైన బూట్లు ఎలా కొనగలదన్నది ఆయన అడిగిన ప్రశ్న. ఆయన తన కాళ్లకూ అవే తొడిగి ఆడారు. బడి పిల్లల మధ్య అవి గొప్పగా చెప్పుకునే బూట్లు కాలేదు. ఖరీదు తక్కువైన వస్తువును లోకం చిన్నచూపు చూస్తుందని ఆయనకు తెలియక కాదు. తన పేరు ఒక తల్లి కంట కన్నీరు తెప్పించకూడదని ఆయన కోరుకున్నారు.

పండుగ దగ్గరపడితే మన ఇళ్లలోనూ ఈ సమస్య వస్తుంది. ఫలానా కంపెనీ బూట్లే కావాలని కొడుకు పట్టుబడతాడు. తండ్రి జేబు చూసుకుంటాడు, తల్లి పొదుపు డబ్బా తీస్తుంది. పక్కింటి పిల్లవాడి కాళ్లను చూసి మన పిల్లవాడి మనసు చిన్నబోవడం సహజమే. అటువంటి వేళ ఈ కథ చెప్పండి. ప్రపంచ విజేత 35 డాలర్ల బూట్లతో గెలిచాడని చెప్పండి. గెలుపు బూట్లలో లేదని, అడుగులో ఉందని పిల్లవానికి బోధపడుతుంది.

వడ్డీ లేని వ్యాపారం

1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో అమెరికా జట్టు తరఫున బంగారు పతకం అందుకున్న హకీం, పదిహేడు సీజన్లు హ్యూస్టన్‌కు, చివరి సీజన్ టొరంటోకు ఆడి 2002లో విరమించారు. జీవితకాలంలో 1,238 మ్యాచ్‌లు, 26,946 పాయింట్లు, 13,748 రీబౌండ్లు. ఆయన ధరించిన 34వ నంబరును హ్యూస్టన్ జట్టు మరెవరికీ ఇవ్వకుండా గౌరవ సూచకంగా విరమింపజేసింది.

వృత్తి క్రీడాకారులు విరమించిన కొద్ది ఏళ్లకే అప్పుల పాలవడం లోకంలో తరచుగా వినవచ్చే విషయం. హకీం విషయంలో అలా జరగలేదు. ఆయన హ్యూస్టన్‌లో స్థలాలు, భవనాలు కొని అమ్మే వ్యాపారంలోకి ప్రవేశించారు. అమెరికాలో ఆ వ్యాపారమంతా బ్యాంకు రుణాల మీదనే నడుస్తుంది. వడ్డీ ధర్మనిషిద్ధం కనుక ఆయన రుణం తీసుకోకుండా చేతిలోని డబ్బుతోనే కొన్నారు. ఉన్నంతలోనే కొనడం వల్ల వేగం తగ్గుతుంది. కాని ధరలు పడిపోయిన రోజులలో అప్పులవాళ్లు తలుపు తట్టరు. ఆయన ఆ వ్యాపారంలోనూ మంచి లాభాలు గడించారు.

హ్యూస్టన్ నగరం నడిబొడ్డున 1928లో నిర్మించిన ఒక పాత బ్యాంకు భవనం ఉంది. ఎత్తయిన రాతి స్తంభాలతో గంభీరంగా ఉండే ఆ భవనాన్ని హకీం 1994లో కొన్నారు. 2002 నాటికి అది ఇస్లామిక్ దావా కేంద్రంగా, మస్జిద్‌గా మారింది. ఒకప్పుడు వడ్డీ లెక్కలు కట్టిన గదులలో ఇప్పుడు జుమా నమాజు జరుగుతుంది. నగరంలోని ఉద్యోగులు మధ్యాహ్న విరామంలో వచ్చి వరుసలలో నిలబడతారు. 1980లో టాక్సీలో ఒంటరిగా ఆ ఊరికి వచ్చిన యువకుడు, తన తరువాత వచ్చేవారికి మస్జిద్ వెతుక్కునే శ్రమ తగ్గించారు.

ఇక్కడ మన రాష్ట్రాల ప్రస్తావన సందర్భోచితమే. హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి, కర్నూలు నుంచి ఎందరో యువకులు చదువులకని, ఉద్యోగాలకని టెక్సాస్ రాష్ట్రానికి వెళుతున్నారు. పంపే రోజున తల్లులు పచ్చళ్లు కడతారు, తండ్రులు ఫీజులు కడతారు. నమాజు మరవకని చెప్పి కళ్లు తుడుచుకుంటారు. ఆ మాట వృథా పోదు. హకీం ఇంటి నుంచి తెచ్చుకున్న విత్తనం కొన్నేళ్లు మట్టిలోనే ఉండిపోయింది, కాని చచ్చిపోలేదు. తడి తగిలిన రోజున మొలకెత్తింది. పరదేశంలో ఉన్న బిడ్డ ఆచరణ సడలిందని తెలిస్తే కోపంతో ఫోను పెట్టేయకండి. తలుపు తెరిచే ఉంచండి. దగ్గరలోని మస్జిద్ ఎక్కడ ఉందో కనుక్కుని చెప్పండి.

నేర్చినది నేర్పడం

2008లో హకీంను బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. అదే ఏడాది ఆయనతో పాటు ఆ గౌరవం అందుకున్న మరొకరు పాట్రిక్ యూయింగ్. 1984లో యూయింగ్ గెలిచారు, 1994లో హకీం గెలిచారు. చివరకు ఇద్దరూ ఒకే గుమ్మం గుండా లోపలికి నడిచారు. ఆటలోని వైరం ఆటతోనే ముగియాలని చూపిన దృశ్యం అది.

విరమణ తరువాత ఆయన ఎక్కువ కాలం జోర్డాన్ దేశంలోని అమ్మాన్‌లో నివసిస్తూ ఇస్లామీయ విద్యను అభ్యసించారు. వేసవిలో హ్యూస్టన్‌కు వచ్చినప్పుడు యువ ఆటగాళ్లు ఆయనను వెతుక్కుంటూ వచ్చేవారు. కోబీ బ్రయంట్, డ్వైట్ హోవార్డ్, లెబ్రాన్ జేమ్స్ వంటి మహా ఆటగాళ్లు ఆయన వద్ద పాదాల నేర్పును అభ్యసించారు. వారు ఆయన జట్టువారు కారు. తన విద్యను దాచుకుంటే తన పేరు మరింత ప్రత్యేకంగా ఉండేదని ఆయన భావించలేదు. మోజెస్ మలోన్ తనకు ఇచ్చిన దానిని తాను ముందు తరానికి అందించారు. 2022లో ఎన్‌బీఏ తన అత్యుత్తమ రక్షణ ఆటగాడికి ఇచ్చే ట్రోఫీకి హకీం ఒలాజువాన్ పేరు పెట్టింది. ఆ ట్రోఫీపై ఆయన పేరు హకీం అనే ఉంది. 1991లో దిద్దుకున్న అక్షరం అందులో చేరే ఉంది.

మన ఇళ్లకు

ఆడపిల్ల గాని మగపిల్లవాడు గాని ఆట పట్ల ఆసక్తి చూపినప్పుడు మన ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఆటలు మనకెందుకు, చదువుకో అనేది ఒకటి. ఇప్పుడు ఆట మీదే దృష్టి పెట్టు, నమాజు రోజాలు తరువాత చూసుకోవచ్చు అనేది మరొకటి. రెండూ బిడ్డ మేలు కోరి అనేవే. మొదటి మాట అల్లాహ్ ఆ బిడ్డకు ఇచ్చిన శక్తిని వృథా చేస్తుంది. రెండవ మాట ఆ శక్తి ఎవరిచ్చారో మరపిస్తుంది. హకీం జీవితం ఈ రెండు మాటలకూ ఒకే సమాధానం.

ఆయనకున్న ఎత్తు, బలం మన పిల్లలకు ఉండకపోవచ్చు. కాని ఆయన సాధించిన వాటిలో ఎత్తుతో నిమిత్తం లేనివే ఎక్కువ. కోపం వచ్చినప్పుడు చేయి దించుకోవడానికి ఏడడుగుల ఎత్తు అక్కరలేదు. అప్పు చేయకుండా ఉన్నంతలో బతకడానికి టైటిల్ అక్కరలేదు. తన పేరుతో మరొకరికి భారం కాకుండా ఉండటానికి కోట్ల ఆదాయం అక్కరలేదు. అవి ఏ ఊరిలోనైనా, ఏ ఇంటిలోనైనా సాధ్యమే.

ఈ నెల మీ ఇంట్లో ఒక పని చేయవలసిందిగా కోరుతున్నాం. భోజనాల వేళ పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి వారి పేరుకు అర్థమేమిటో అడగండి. తెలియకపోతే చెప్పండి. ఆ పేరు ఎందుకు పెట్టారో, ఎవరు ఎంచుకున్నారో కూడా చెప్పండి. ఆ పేరుకు తగినట్టు బతకడం ఎలాగో తరువాత వారే నేర్చుకుంటారు, ఇన్షా అల్లాహ్.